ఉజ్జీ కుదరాలి... బూటూ కుదరాలి

రెండు కిలోలంటే ఎంత? కొట్లో అయితే రెండు కిలోల ఉల్లిగడ్డలు. క్యాంపులో నలుగురు కలిసి వండుకుంటే రెండు మూడు రోజుల్లో ఖాళీ. అదే రెండు కిలోలు బాక్సింగ్ రింగులో ఒక క్రీడాకారిణి దారినే మార్చేశాయి.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ సంగతే చూడండి. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. అప్పుడు ఆమె ఆడింది 52 కిలోల విభాగంలో. పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం ఆ విభాగమే లేదు. ఆడవాళ్లకు 50 కిలోలు, దాని తర్వాత నేరుగా 54 కిలోలు. మధ్యలో ఉన్న అమ్మాయి పైకి వెళ్లాలా, కిందికి దిగాలా? నిఖత్ కిందికే దిగింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల్లో స్వర్ణం గెలిచింది. 2023 మార్చిలో ఢిల్లీలో అదే బరువులో రెండోసారి ప్రపంచ చాంపియన్ అయింది. కానీ 2024 ఆగస్టులో పారిస్‌లో రెండో పోరులోనే చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడింది. బరువు పెరగకుండా ఉండేందుకు రెండు రోజులు తిండి లేకుండా గడపాల్సి వచ్చిందని ఓటమి తర్వాత ఆమే విలేకరులతో చెప్పుకొంది.

నిఖత్ ఇల్లు గల్ఫ్‌కు కొత్త కాదు. ఆమె తండ్రి కొన్నేళ్లు సౌదీలో సేల్స్ ఉద్యోగం చేసి, బిడ్డల చదువు, ఆటల కోసం ఇంటికి తిరిగొచ్చిన మనిషి. నిజామాబాద్ నుంచే వచ్చిన మరో బాక్సర్ మహ్మద్ హుస్సాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మరో కాంస్యం తెచ్చాడు. ఆయన తండ్రి షంసాముద్దీన్ దగ్గరే నిఖత్ తొలి పాఠాలు నేర్చుకుంది.

వీళ్లను చూసి గ్లోవ్స్ తొడగాలన్న సరదా మనవాళ్లలోనూ ఉంది. డ్యూటీ దిగి, స్నానం చేసి, జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు రెండు సంగతులు ముందే తెలియాలి. తన బరువు ఏ విభాగంలోకి వస్తుంది? తన కాలికి ఏ బూటు సరిపోతుంది? ఈ రెండూ తేల్చుకోకుండా రింగెక్కితే ఎదుటివాడి కంటే ముందు మన ఒళ్లే మనల్ని ఓడిస్తుంది.

సమ ఉజ్జీ కోసమే...

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోళ్లను దింపేవాళ్లు ముందు చేసే పని ఉజ్జీ చూసుకోవడం. రెండు పుంజులనూ చేతుల్లోకి ఎత్తి బరువు చూస్తారు, ఎత్తు చూస్తారు. సరిజోడు అయితేనే దింపుతారు. బాక్సింగ్‌లో బరువుల విభాగాలు పెట్టింది కూడా సరిగ్గా ఇందుకే. 'బాంటమ్‌వెయిట్' అన్న పేరులోని బాంటమ్ కూడా కోడే! పొట్టి జాతి కోడి. ఒళ్లు చిన్నది, పౌరుషం పెద్దది.

ఇంగ్లండులో ఈ ఆట మొదలైన కాలంలో ఇలాంటి లెక్కలేవీ లేవు. ఎవరు ఎవరితోనైనా తలపడాల్సిందే. బక్కవాడు ఎంత చురుగ్గా ఉన్నా భారీ మనిషి బరువు ముందు నలిగిపోయేవాడు. 1867లో లండన్‌లో అమెచ్యూర్ పోటీలు పెట్టినప్పుడు లైట్, మిడిల్, హెవీ అని మూడు విభాగాలు చేశారు. 1909లో అక్కడి నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ ఎనిమిది విభాగాలు ఖాయం చేసింది. ఫ్లై, బాంటమ్, ఫెదర్, లైట్, వెల్టర్, మిడిల్, లైట్ హెవీ, హెవీ... టీవీలో మనం ఇప్పటికీ వినే పేర్లు అవే.

దెబ్బ బలం ఒక్క చేతి నుంచి రాదు. కాలు నేలను తంతుంది. ఆ తోపు నడుము దాకా వచ్చి, భుజం మీదుగా పిడికిలికి చేరుతుంది. వెనక ఉన్న ఒళ్లు ఎంత బరువుంటే తోపు అంత గట్టిగా ఉంటుంది. 60 కిలోల మనిషికి 80 కిలోల మనిషి కొట్టే దెబ్బ తలకు తగిలితే నైపుణ్యం సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి.

ఎన్ని విభాగాలు?

అమెచ్యూర్, ప్రొఫెషనల్ లెక్కలు వేర్వేరు. మన కుర్రాళ్లు ముందు ఆడేది అమెచ్యూర్‌లోనే కాబట్టి ఆ పట్టిక మొదట చూద్దాం. వరల్డ్ బాక్సింగ్ సంస్థ 2025 నుంచి అమలు చేస్తున్న విభాగాలివి.

మగవాళ్లకు: 50, 55, 60, 65, 70, 75, 80, 85, 90 కిలోలు, ఆపైన 90 దాటినవాళ్లు.

ఆడవాళ్లకు: 48, 51, 54, 57, 60, 65, 70, 75, 80 కిలోలు, ఆపైన 80 దాటినవాళ్లు.

ఈ అంకెలు పై హద్దులన్నమాట. మీరు 62 కిలోలు ఉన్నారనుకోండి. 60లో పట్టరు. కాబట్టి 65 కిలోల విభాగం మీది. 65 కిలోల 100 గ్రాములు ఉంటే? 65లోకి రానివ్వరు. ఆ 100 గ్రాముల ఖరీదు ఎంతో కుస్తీ యోధురాలు వినేశ్ ఫొగాట్‌ను అడగాలి. 2024 పారిస్‌లో ఫైనల్ దాకా వెళ్లి, 50 కిలోల మీద ఆ కాస్త ఎక్కువ తూగినందుకు పతకమే లేకుండా వెనుదిరిగింది.

ఈ కొత్త పట్టికలో ఆడవాళ్లకు 51 కిలోలు రావడంతో నిఖత్‌కూ కొంత ఊపిరాడింది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో ఆమె స్వర్ణం గెలిచింది ఆ 51 కిలోల్లోనే.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 17 విభాగాలు ఉన్నాయి. అక్కడ లెక్క పౌండ్లలో. జిమ్‌లో తూకం మిషన్ పౌండ్లు చూపిస్తే కంగారు పడొద్దు, వచ్చిన అంకెను 2.2తో భాగిస్తే దాదాపు కిలోలు వచ్చేస్తాయి. ఫ్లైవెయిట్ 112 పౌండ్లు, అంటే 50.8 కిలోలు. లైట్‌వెయిట్ 135 పౌండ్లు, అంటే 61.2 కిలోలు. వెల్టర్‌వెయిట్ 147 పౌండ్లు, అంటే 66.7 కిలోలు. మిడిల్‌వెయిట్ 160 పౌండ్లు, అంటే 72.6 కిలోలు. 200 పౌండ్లు దాటితే హెవీవెయిట్. దానికి పై హద్దు లేదు.

మీ పక్క బెడ్డు ఫిలిప్పీన్స్ కుర్రాడిని అడిగితే మానీ పాకియావ్ పేరు చెబుతాడు. ఎనిమిది విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన బాక్సర్ ఆయన. కుర్రతనంలో బరువు చాలక జేబుల్లో బరువులు పెట్టుకుని తూకం ఎక్కిన మనిషి. 1998లో ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచి, 2010లో సూపర్ వెల్టర్ దాకా ఎక్కాడు. మధ్యలో 12 ఏళ్లు గడిచాయి. ఒళ్లు ఎదిగేకొద్దీ ఒక్కో మెట్టు ఎక్కాడన్నది గుర్తుంచుకోవాలి.

బరువే బలం కాదు

'బరువు పెరిగితే గెలుస్తాం' అనుకునేవాళ్లూ ఉన్నారు. దానికి జవాబు సౌదీలోనే దొరికింది. 2019 డిసెంబరు 7న రియాద్ పక్కన దిరియాలో ఆంటొనీ జాషువా, ఆండీ రూయిజ్ తలపడ్డారు. అంతకుముందు జూన్‌లో న్యూయార్క్‌లో రూయిజ్ చేతిలో జాషువా ఓడిపోయాడు. దిరియాకు రూయిజ్ దాదాపు 128 కిలోలతో వచ్చాడు. జాషువా ఒళ్లు తగ్గించి 108 కిలోలకు దిగాడు. 20 కిలోల తేడా! అయినా 12 రౌండ్లూ చుట్టూ తిరుగుతూ, దూరం నుంచి కొడుతూ జాషువా గెలిచేశాడు. 2024 మేలో రియాద్‌లో కూడా అంతే. తనకంటే పొడవూ బరువూ ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని ఒలెక్సాండర్ ఉసిక్ ఓడించాడు. ఉసిక్ అంతకుముందు కింది విభాగమైన క్రూజర్‌వెయిట్‌లో చాంపియన్.

ఆ ఇద్దరినీ గెలిపించింది కాళ్లు. అడుగు పడాల్సిన చోట పడింది. అందుకే తూకం తర్వాత బూటు సంగతి మాట్లాడుకోవాలి. అంతకంటే ముందు తూకం దగ్గర ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. దాన్ని తేల్చేద్దాం.

మీ అసలు బరువు ఎంత?

ఒక్కసారి తూకం ఎక్కి ఇదే నా బరువు అనుకోవద్దు. మన ఒళ్లు రోజులో ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతుంది. పొద్దున లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకముందు, తక్కువ బట్టలతో తూగండి. పది రోజులు అదే వేళకు, అదే మిషన్ మీద తూగి ఒక కాగితం మీద రాసుకోండి. పది అంకెలనూ కూడి పదితో భాగించండి. అదే మీ అసలు బరువు. అది ఏ విభాగంలో పడితే అదే మీ విభాగం. కొత్తగా చేరినవాళ్లకు ఇంతకు మించిన లెక్క అక్కర్లేదు.

అమెచ్యూర్ పోటీల్లో ఆడే రోజు పొద్దునే తూకం వేస్తారు. మళ్లీ ఇంకో రోజు పోటీ ఉంటే ఆ పొద్దున మళ్లీ తూకం. ప్రొఫెషనల్స్‌కు ముందు రోజే తూస్తారు కాబట్టి వాళ్లకు తిని, తాగి తేరుకునే వ్యవధి ఉంటుంది. టీవీలో వాళ్లు చేసేది చూసి మనం చేయబోతే బోర్లాపడతాం.

చెమట కార్చి బరువు దించొద్దు

ప్లాస్టిక్ సూటు తొడిగి పరిగెత్తడం, ఆవిరి గదిలో కూర్చోవడం, నీళ్లు మానేయడం, విరేచనాల మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు... కింది విభాగంలో చోటు కోసం కొందరు చేసే పనులివి. తగ్గేది కొవ్వు కాదు, నీరు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, గుండె మీద భారం పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నీరసించిన తలకు దెబ్బ తగిలితే ముప్పు మరీ ఎక్కువ. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు కొద్ది వారాల తేడాలో ఇలా బరువు దించుకోబోయి చనిపోయారు. ఆ తర్వాత అక్కడ నిబంధనలు మార్చాల్సి వచ్చింది.

మనవాళ్లకు ఈ ముప్పు రెట్టింపు. ఎండలో ఇటుకా ఇనుమూ మోసే మనిషి ఒంట్లోంచి పగలంతా నీరు పోతూనే ఉంటుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదని నిబంధన పెట్టింది ఇందుకే. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. పగలు ఎండకు, సాయంత్రం ప్లాస్టిక్ సూటుకు ఒళ్లు అప్పగిస్తే వడదెబ్బను మనమే పిలిచినట్టు.

మూత్రం ముదురు పసుపులో వస్తోందంటే ఆ రోజు ప్రాక్టీసు వద్దు. తల తిరుగుడు, పిక్కలు పట్టేయడం, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బరువు నిజంగా తగ్గాలనుకుంటే నెలల మీద తగ్గాలి. రాత్రి అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచాలి. కూల్‌డ్రింకులు మానాలి. వారానికి అర కిలో తగ్గితే చాలు. అలా కూడా దిగకపోతే ఆ విభాగం మీది కాదని అర్థం. పై విభాగంలో ఆడటం అవమానమేమీ కాదు. చిన్న బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మేరీకోమ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో తన బరువు లేకపోవడంతో 51 కిలోలకు ఎక్కి కాంస్యం తెచ్చింది.

కాలి కింద ఏముంది?

ఇక బూటు. నిబంధనల ప్రకారం రింగులో తేలికైన బూట్లు ఉండాలి. మడమ ఎత్తుగా ఉండకూడదు, అడుగున ముళ్లు ఉండకూడదు. అంతకు మించి ఎంపిక మీదే.

మనవాళ్లు ఎక్కువగా చేసేది పరుగు బూట్లతో రింగెక్కడం. పరుగు బూటుకు మడమ కింద మందపాటి మెత్త ఉంటుంది. నేరుగా ముందుకు పరిగెత్తేవాడికి అది మంచిదే. బాక్సర్ మాత్రం పక్కకు జరుగుతాడు, మునివేళ్ల మీద తిరుగుతాడు. ఎత్తు మడమ పక్కకు ఒరిగితే చీలమండ మెలిపడుతుంది. మెత్త అడుగు నేల తోపును మింగేస్తుంది కాబట్టి దెబ్బలో పస ఉండదు.

సైటు మీద వేసుకునే సేఫ్టీ షూతో అసలే వద్దు. ముందు ఇనుప టోపీ, కింద గట్టి అడుగు. బరువుకు కాలు లేవదు. పొరపాటున తొక్కితే ఎదుటివాడి వేళ్లు నలుగుతాయి. అది పనిముట్టు, పనిచోటే ఉండాలి.

బాక్సింగ్ బూటుకు అడుగు పల్చగా, సమంగా ఉంటుంది. కాలికి నేల తెలుస్తుంది. రబ్బరు పట్టు జారనివ్వదు. అలాగని మరీ అంటుకుపోయేలా ఉండకూడదు. కాలు తిప్పినప్పుడు బూటు నేలకు అతుక్కుంటే మోకాలు మెలిపడుతుంది. దుకాణంలోనే మునివేళ్ల మీద నిలబడి కాలు తిప్పి చూడండి. ఆపితే ఆగాలి, తిప్పితే తిరగాలి.

ఎత్తు విషయంలో మూడు రకాలున్నాయి. చీలమండ కిందికి ఉండేవి, చీలమండను కప్పేవి, పిక్క దాకా వచ్చేవి. తక్కువ బరువువాళ్లు ఎక్కువగా కదులుతారు కాబట్టి తేలికైన, మధ్యస్థం ఎత్తువి హాయిగా ఉంటాయి. 80, 90 కిలోల మనిషి బరువంతా చీలమండ మీద పడుతుంది కాబట్టి గట్టిగా పట్టి ఉంచే ఎత్తు బూటు నయం. ఇంతకుముందు కాలు మెలిపడినవాళ్లూ ఎత్తువే తీసుకోవాలి.

కొనేటప్పుడు...

* సాయంత్రం కొనండి. పగలంతా నిలబడిన పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం నొక్కేస్తుంది.

* ప్రాక్టీసులో వేసుకునే మేజోళ్లే వేసుకుని తొడిగి చూడండి.

* మన ఊళ్లో చెప్పే 8 నంబరు ఇంగ్లండు లెక్క. అమెరికా లెక్కలో అది దాదాపు 9, యూరప్ లెక్కలో 42. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు కాబట్టి కాగితం మీద పాదం గీసి, సెంటీమీటర్లలో కొలుచుకుని వెళ్లడం మేలు. రెండు పాదాల్లో పెద్దదాని కొలతే తీసుకోవాలి.

* వేళ్లు ముడుచుకోకూడదు. మడమ పైకి జారకూడదు. ఈ రెండూ సరిపోతే మిగతావి సర్దుకుంటాయి.

* చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగిన పాదాలు ముందువైపు వెడల్పుగా ఉంటాయి. సన్నగా కుట్టిన బూటు అలాంటివాళ్లకు బొబ్బలు తెప్పిస్తుంది. నంబరు పెంచితే మడమ జారుతుంది. కాబట్టి వెడల్పు ఉన్న రకమే వెతుక్కోవాలి.

* మొదటి రెండు మూడు నెలలకు ఖరీదైనవి అక్కర్లేదు. సమమైన అడుగున్న క్యాన్వాస్ బూట్లు చాలు. కుస్తీ బూట్లు ఉన్నా పనికొస్తాయి. ఆటలో నిలబడతామని నమ్మకం కుదిరాకే డబ్బు పెట్టండి.

* గ్లోవ్స్ జిమ్‌లో ఇస్తే వాడుకోవచ్చు. పళ్ల రక్షణకు పెట్టుకునే మౌత్‌గార్డు, చేతికి చుట్టే పట్టీ, బూట్లు మాత్రం సొంతవే ఉండాలి. ఇతరుల బూట్లలో మన పాదం ఇమడదు, పైగా వాళ్ల ఒరుపులు మనకంటుకుంటాయి.

బూట్లను రోడ్డు మీద, ఇసుకలో తొక్కొద్దు. అడుగున దుమ్ము చేరితే రింగులో జారుడే. ప్రాక్టీసు అయ్యాక లోపల పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. వేళ్ల సందులు తుడిచి ఆరనిచ్చాకే మేజోళ్లు వేసుకోండి. లేసు ముడి వేశాక కొసలు లోపలికి దోపండి.

రింగు దిగాక పని ఉంది

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. మనం ఇక్కడికి వచ్చింది ఇంటికి నాలుగు రూకలు పంపడానికి. పోటీలో దిగేముందు డాక్టరుకు చూపించుకోండి. ఆటలో తగిలిన దెబ్బలకు మీ ఆరోగ్య బీమా వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. తలకు గట్టి దెబ్బ తగిలి, ఆ తర్వాత తలనొప్పి, వాంతి, మసక కనిపిస్తే 'పడుకుంటే తగ్గిపోతుంది' అనుకోవద్దు. డాక్టరు సరేననేదాకా పరంజా ఎక్కొద్దు, క్రేన్ ముట్టొద్దు, బండి నడపొద్దు. రింగులో పడితే లేపడానికి రిఫరీ ఉంటాడు. పదో అంతస్తు పరంజా మీద తల తిరిగితే పట్టుకునేవాళ్లు ఉండరు.

సమ ఉజ్జీ చూసుకుని, సరైన బూటు తొడిగి, కడుపు నిండా నీళ్లు తాగి ఆడేవాడికి బాక్సింగ్ మంచి ఆటే. డ్యూటీ అలసట పోతుంది, ఇంటి మీద బెంగ కాసేపు మరుపుకొస్తుంది, ఒంటి మీద నమ్మకం పెరుగుతుంది. ఈ సెలవు రోజున గ్లోవ్స్ కొనడానికి బయలుదేరేవాళ్లు ఒక్క పని చేయండి. రేపు పొద్దున లేవగానే తూకం ఎక్కి మొదటి అంకె రాసుకోండి. పది రోజుల తర్వాత బజారుకు వెళ్దురుగాని.